వేసవిలో మోటారు సైకిలు ప్రయాణం: గాలి, చెమట, వడదెబ్బ

చందాపుర కూడలి మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఒక వైపున అత్తిబెలె దాటి హోసూరు, కృష్ణగిరి చేరుతుంది. మరొక వైపున బెంగళూరు నగరాన్ని దాటి చిక్కబళ్ళాపుర, బాగేపల్లి మీదుగా అనంతపురం, కర్నూలు, హైదరాబాదు వెళుతుంది. చందాపురలో స్థిరపడిన తెలుగు కుటుంబాల బ్రతుకు చాలావరకు ఈ దారి చుట్టూ అల్లుకొని ఉన్నది. బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామిక వాడలలో, ఎలక్ట్రానిక్ సిటీ కార్యాలయాలలో, భవన నిర్మాణ పనులలో, ఇంటింటికి సరుకులు చేరవేసే ఉద్యోగాలలో ఉన్నవారికి మోటారు సైకిలే ప్రధాన వాహనం. పెళ్ళికో, జాతరకో, పెద్దల అనారోగ్యానికో ఊరు వెళ్ళవలసి వచ్చి, బస్సులో చోటు దొరకనప్పుడు అదే బండి మీద బయలుదేరడమూ పరిపాటే.

ఇటువంటి ప్రయాణానికి ముందు ఇంట్లో ఎవరైనా వారిస్తే తరచుగా వినబడే సమాధానం ఒకటి ఉన్నది: "ఎండలు మాకు కొత్తా?" రాయలసీమలోనో పల్నాడులోనో పుట్టి పెరిగినవారి నోట ఈ మాట సహజమే. అయితే ఈ మాటను నమ్ముకొని మే నెల మధ్యాహ్నం బండి తీయడం ప్రాణాపాయానికి దారి తీయవచ్చు. ఎందుకో వివరించి, ఎలా జాగ్రత్తపడాలో తెలుపడమే ఈ పాఠం ఉద్దేశం.

1. గాలి ఎప్పుడు చల్లబరుస్తుంది, ఎప్పుడు వేడెక్కిస్తుంది

మనిషి శరీరం లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. చర్మం అంతకంటె కొద్దిగా చల్లగా, వేసవిలో సుమారు 35 డిగ్రీల వద్ద ఉంటుంది. కదలక కూర్చున్న మనిషి శరీరంలో కూడ గంటకు 80 నుండి 100 కిలో కెలోరీల వేడి పుడుతూనే ఉంటుంది. ఆ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోకపోతే శరీరం వేడెక్కుతుంది.

బయటి గాలి చర్మం కంటె చల్లగా ఉన్నప్పుడు బండి వేగానికి తగిలే గాలి ఆ వేడిని తీసుకుపోతుంది. చందాపురలో ఏడాదిలో ఎక్కువ రోజులు జరిగేది ఇదే. బండి కదలగానే హాయి కలుగుతుంది. ఏళ్ళ తరబడి ఇదే అనుభవం కలిగినవారికి "బండి మీద ఉంటే గాలి తగులుతుంది, ఎండ తెలియదు" అన్న భావన స్థిరపడిపోతుంది.

గాలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే లెక్క తారుమారవుతుంది. అప్పుడు గాలి శరీరం నుండి వేడిని తీసుకుపోదు. శరీరానికి వేడిని తెచ్చి ఇస్తుంది. 42 డిగ్రీల వడగాలిలో బండి ఎంత వేగంగా పోతే అంత వేడి ఒంటికి చేరుతుంది. కొలిమి తిత్తి ముందు నిలిచినవారికి ఆ గాలి చల్లదనం ఇవ్వదు కదా. ఆ స్థితిలో శరీరానికి మిగిలిన ఒకే ఒక ఆధారం చెమట.

2. కుండ నేర్పే పాఠం

చెమట కారినంత మాత్రాన శరీరం చల్లబడదు. చెమట ఆవిరి కావాలి. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కెలోరీల వేడిని వెంట తీసుకుపోతుంది. ఆవిరి కాకుండా బొట్లు బొట్లుగా కారిపోయిన చెమట వలన నీరు, ఉప్పు నష్టమే తప్ప చల్లదనం దక్కదు.

ఇది తెలుగు ఇళ్ళలో అందరూ ఎరిగిన విషయమే. మట్టికుండ గోడల నుండి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. అనంతపురం, కర్నూలు జిల్లాల పొడి ఎండలో కుండనీరు ఎంతో చల్లగా ఉంటుంది. అదే కుండ కోస్తాలో ఉక్కపోత రోజున అంత పని చేయదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉండడం వలన కుండ పైనున్న తడి త్వరగా ఆవిరి కాదు. మనిషి చర్మం విషయంలోనూ ఇదే నియమం.

అందువలన భారత వాతావరణ శాఖ వడగాడ్పులను ప్రకటించేటప్పుడు మైదాన ప్రాంతాలలో కనీసం 40 డిగ్రీలను, కోస్తా ప్రాంతాలలో 37 డిగ్రీలనే హద్దుగా పరిగణిస్తుంది. ఒంగోలులో 38 డిగ్రీలు చూపితే "ఫరవాలేదు, నలభై దాటలేదు" అనుకోవడం పొరపాటు.

మోటారు సైకిలు నడిపేవారు ఈ రెండు రకాల వేడిని వేర్వేరుగా గుర్తించాలి.

పొడి వడగాలిలో చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది. చొక్కా తడవదు. "చెమటే పట్టలేదు" అనిపిస్తుంది గాని, శరీరం నుండి నీరు ధారాళంగా పోతూనే ఉంటుంది. సాయంత్రం చొక్కాపై, హెల్మెట్ పట్టీపై కనిపించే తెల్లని ఉప్పు చారలే అందుకు సాక్ష్యం.

ఉక్కపోతలో చెమట కారుతూనే ఉంటుంది, కాని ఆరదు. బండి కదిలినంత సేపు కొంత ఊరట ఉంటుంది. సిగ్నలు వద్దనో రైలు గేటు వద్దనో ఆగినప్పుడు శరీరం ఒక్కసారిగా వేడెక్కుతుంది. కళ్ళు తిరగడం తరచుగా ఇటువంటి నిలుపుదలలోనే మొదలవుతుంది.

3. అలవాటు తప్పిన శరీరం

ఎండకు శరీరం అలవాటు పడుతుందన్నది నిజం. రోజూ ఎండలో శ్రమించేవారిలో ఒకటి రెండు వారాలలో మార్పు వస్తుంది. చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు శాతం తగ్గుతుంది, గుండెపై భారం తగ్గుతుంది. అయితే ఈ శక్తి పుట్టుకతో శాశ్వతంగా వచ్చేది కాదు. ఎండకు దూరమైతే సుమారు ఒక నెలలోనే చాలావరకు పోతుంది.

బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అనంతపురం ఎత్తు సుమారు 350 మీటర్లు. కర్నూలు 300 మీటర్ల లోపే. ఎత్తు తగ్గే కొద్దీ వేడి పెరుగుతుంది. ఐదేళ్ళుగా చందాపురలో ఉంటూ పంకా క్రింద పనిచేస్తున్న వ్యక్తి పుట్టినది కర్నూలులోనే కావచ్చు, కాని అతని శరీరం ఇప్పుడు బెంగళూరుది. ఊరిలో ఉన్న అన్నదమ్ములు మార్చి నుండి క్రమంగా ఎండకు అలవాటు పడి ఉంటారు. అతడు మాత్రం ఒక్క పూటలో పీఠభూమి నుండి దిగి రోహిణి కార్తెలోకి అడుగుపెడతాడు. "ఎండలు మాకు కొత్తా?" అన్న ప్రశ్నకు శరీరశాస్త్రం చెప్పే జవాబు ఒక్కటే: అవును, ప్రతి ఏడూ కొత్తే.

ఈ హెచ్చరిక అతిశయోక్తి కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో రెండు వేల మందికి పైగా మరణించారు. వారు ఎండలు ఎరుగనివారు కారు. ఇక బెంగళూరు కూడ ఎల్లప్పుడూ చల్లగా ఉండేది కాదు. 2016 ఏప్రిల్ 24న నగరంలో 39.2 డిగ్రీలు నమోదైంది. 2024 ఏప్రిల్ చివరిలో 38 డిగ్రీలు దాటింది.

4. ఊరి ప్రయాణం: బయలుదేరే వేళే ప్రధానం

చందాపుర నుండి అనంతపురానికి దూరం సుమారు 240 కిలోమీటర్లు. నగరంలోని రద్దీని, విరామాలను కలుపుకొని గంటకు సగటున 45 నుండి 50 కిలోమీటర్లు సాగుతుందనుకొంటే ప్రయాణానికి ఐదు గంటలు పడుతుంది.

ఉదయం పది గంటలకు, పిల్లలకు టిఫిను పెట్టి నింపాదిగా బయలుదేరినవారు మధ్యాహ్నం ఒకటి రెండు గంటల మధ్య పెనుకొండ ప్రాంతానికి, మూడింటికి అనంతపురానికి చేరుతారు. దినంలో ఉష్ణోగ్రత పతాక స్థాయికి చేరేది రెండు, నాలుగు గంటల మధ్యనే. అంటే దారిలో అతి పల్లపు భాగాన్ని అతి వేడి సమయంలో, శరీరం అప్పటికే నీరు కోల్పోయి అలసిన స్థితిలో దాటుతున్నారన్నమాట.

వారే తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరితే బెంగళూరు రద్దీకి ముందే నగరాన్ని దాటి, తొమ్మిదిన్నర, పది గంటలకు అనంతపురంలో ఉంటారు. దూరం మారలేదు, బండి మారలేదు. మారినది వేళ ఒక్కటే. ముందు రాత్రి సరిగా నిద్రపోయినప్పుడే తెల్లవారుజాము ప్రయాణం క్షేమకరం. రాత్రి షిఫ్టు ముగించుకొని అటునుండి అటే బండి ఎక్కరాదు.

కర్నూలు వంటి దూరపు ఊళ్ళకు వెళ్ళేవారు పదకొండు గంటలకు ఎక్కడ ఉంటే అక్కడ ఆగి, నాలుగు గంటల తరువాత కదలడం మంచిది. పెట్రోలు బంకులలో త్రాగునీరు, మరుగుదొడ్డి, టైర్లకు గాలి వంటివి ఉచితంగా కల్పించవలసిన సదుపాయాలు. వాటిని మొహమాటం లేకుండా వినియోగించుకోవచ్చు. దారిలోని ఊళ్ళలో వేసవి చలివేంద్రాలూ ఉంటాయి.

పలమనేరు మీదుగా చిత్తూరు, తిరుపతి, నెల్లూరు వైపు వెళ్ళేవారికి ఘాటు దిగగానే మార్పు తెలుస్తుంది. పైన ఉన్న చల్లదనాన్ని చూసి క్రింద కూడ అలాగే ఉంటుందని భావించరాదు. ప్రయాణానికి ముందు రోజు వాతావరణ శాఖ హెచ్చరికలను, ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ప్రకటించే వడగాల్పుల సూచనలను చూసుకోవాలి. నారింజ లేక ఎరుపు రంగు హెచ్చరిక ఉన్నట్లయితే బండి ప్రయాణాన్ని మానుకొని రాత్రి బస్సును ఆశ్రయించడమే వివేకం. గర్భిణులను, వృద్ధులను, పసిపిల్లలను వేసవి పగటివేళ బండిపై దూర ప్రయాణానికి తీసుకువెళ్ళరాదు.

5. రోజువారీ రాకపోకలు

వేసవిలో మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు మారే కార్మికులకు ఎండ తప్పదు. అటువంటివారు బయలుదేరే ముందే రెండు గ్లాసుల నీరు త్రాగాలి. కూడలిలో సిగ్నలు పడినప్పుడు ఇంజను ఆపాలి. నిలిచి ఉన్న బండి ఇంజను వేడి, చుట్టూ ఉన్న లారీల వేడి, తారు రోడ్డు వేడి ఒక్కసారిగా కాళ్ళకు, ముఖానికి కొడతాయి. నీడ ఉన్న చోట కాస్త వెనుకనే ఆగడంలో నష్టమేమీ లేదు.

2025 ఆగస్టులో ప్రారంభమైన మెట్రో పసుపు మార్గం చందాపురకు దగ్గరలోని బొమ్మసంద్ర నుండి ఎలక్ట్రానిక్ సిటీ, సిల్క్ బోర్డు మీదుగా ఆర్.వి. రోడ్డు వరకు నడుస్తున్నది. నగరంలోకి వెళ్ళవలసినవారు తీవ్రమైన ఎండ రోజులలో బొమ్మసంద్ర వరకు మాత్రమే బండిపై వెళ్ళి, అక్కడినుండి మెట్రోలో ప్రయాణించవచ్చు.

సరుకులు చేరవేసే యువకుల సమస్య వేరు. ఆలస్యమైతే ఆదాయం తగ్గుతుందన్న భయంతో నీటికి కూడ ఆగరు. ప్రతి రెండు మూడు చేరవేతల తరువాత ఐదు నిమిషాలు నీడలో కూర్చోవడం పనికి అడ్డంకి కాదు. సాయంత్రం వరకు పని చేయగలగడానికి అదే ఆధారం. వారు గుమ్మం ముందుకు వచ్చినప్పుడు ఒక గ్లాసు మంచినీరు అందించడం ప్రతి ఇంటికీ సాధ్యమైన సాయం.

6. హెల్మెట్, దుస్తులు

ఉక్క భరించలేక హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకొని నడిపేవారు వేసవిలో ఎక్కువగా కనిపిస్తారు. ఎండలో ఏకాగ్రత తగ్గి ప్రమాదానికి అవకాశం పెరిగే సమయంలోనే తలకు రక్షణ తీసివేయడం రెండింతల అపాయం. పైగా నెత్తిన నేరుగా పడే ఎండను హెల్మెట్ అడ్డుకుంటుంది కూడ.

ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 4151 సంఖ్య ఉండి, గాలి వచ్చిపోయే రంధ్రాలు కలిగిన లేత రంగు హెల్మెట్ వేసవికి అనువైనది. లోపల పలుచని నూలు గుడ్డను తడిపి పిండి కట్టుకుంటే చల్లదనం ఉంటుంది. లోపలి మెత్తను వారానికొకసారి ఉతికి ఆరబెట్టాలి. వెనుక కూర్చున్నవారికి కూడ హెల్మెట్ తప్పనిసరి.

పొట్టి చేతుల చొక్కా చల్లగా ఉంటుందన్న నమ్మకం వడగాలిలో చెల్లదు. పొలాల్లో పనిచేసే రైతులు నిండు చేతుల చొక్కా వేసి, తలపాగా చుట్టుకోవడంలో అనుభవం దాగి ఉన్నది. వదులైన, లేత రంగు, నిండు చేతుల నూలు దుస్తులు వేడిగాలిని చర్మానికి సూటిగా తగలనీయవు. చెమట నిదానంగా ఆరేందుకు అవకాశమిస్తాయి. మెడ చుట్టూ తడి తువాలు మేలు చేస్తుంది. దాని కొసలు చక్రంలో పడకుండా లోపలికి దోపుకోవాలి. గాలి ఆడని ప్లాస్టిక్ కోటు, నల్లని బిగుతు ముసుగు వేసవికి తగవు.

7. నీరు, ఆహారం

దాహం వేసేసరికే శరీరం కొంత నీటిని కోల్పోయి ఉంటుంది. బండి నడిపేటప్పుడు గాలి హోరులో దాహం మరింత ఆలస్యంగా తెలుస్తుంది. అందువలన దాహంతో నిమిత్తం లేకుండా ప్రతి ముప్పావు గంటకు ఆగి, రెండు మూడు గ్లాసుల నీటిని కొద్దికొద్దిగా త్రాగాలి. అయితే గంటకు ఒకటిన్నర లీటరు మించరాదు. ఉప్పు లేని నీరే అతిగా త్రాగినా ప్రమాదమే.

చెమటతో పోయిన ఉప్పును ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి, రాగి అంబలి, ఓ.ఆర్.ఎస్. ద్రావణం తిరిగి ఇస్తాయి. పొట్లం లేనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదును టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపుకోవాలి. ప్రయాణానికి ముందు రాత్రిగాని, దారిలోగాని మద్యం ముట్టరాదు. రక్తపోటుకు, గుండెజబ్బుకు, మధుమేహానికి మందులు వాడేవారు ఎంత నీరు, ఎంత ఉప్పు తీసుకోవచ్చునో ముందుగా వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీరు చాలినట్లు. ముదురు రంగులోకి మారినా, ఐదారు గంటలుగా మూత్రమే రాకపోయినా ప్రయాణాన్ని ఆపాలి.

8. బండి సంరక్షణ

వేసవిలో టైర్లలో గాలి తగ్గించాలన్నది అపోహ. గాలి తక్కువైన టైరు ఎక్కువగా నలిగి, మరింత వేడెక్కి, పగిలే అవకాశం పెరుగుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు, తయారీదారు సూచించిన మేరకే గాలి పట్టించాలి. ఇంజను ఆయిలు మట్టం, బ్రేకులు, గొలుసు సరిచూసుకోవాలి. ఏప్రిల్, మే సాయంత్రాలలో బెంగళూరులో ఉరుములతో జల్లులు కురుస్తాయి. మొదటి జల్లుకు రోడ్డుపై నూనె, దుమ్ము కలిసి జారుడుగా మారుతుంది. అప్పుడు వేగం తగ్గించాలి, చెట్ల క్రింద ఆగరాదు.

9. వడదెబ్బ గుర్తులు, ప్రథమ చికిత్స

తొలి గుర్తులు: పిక్కలలో తిమ్మిరి, కండరాలు పట్టివేయడం, తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, విపరీతమైన నీరసం. బండి నడిపేవారిలో మరికొన్ని కనిపిస్తాయి: గేరు తప్పుగా వేయడం, బ్రేకు ఆలస్యంగా నొక్కడం, కారణం లేని చిరాకు, ఎండలోనే ఒళ్ళు జలదరించడం. వెనుక కూర్చున్నవారు నడిపేవారితో అప్పుడప్పుడూ మాట్లాడుతూ ఉండాలి. మాట తడబడితే ముందుగా గుర్తించగలిగేది వారే. ఈ దశలో బండి ఆపి, నీడలో పడుకొని, నీరు, ఓ.ఆర్.ఎస్. తీసుకొంటే సాధారణంగా కోలుకుంటారు. కోలుకున్నా ఆ పూట తిరిగి బండి నడపరాదు.

తీవ్ర గుర్తులు: ఒళ్ళు కాలిపోవడం, పొంతన లేని మాటలు, తూలడం, మూర్ఛ, స్పృహ తప్పడం. చెమట ఆగిపోవచ్చు, ఆగకపోవచ్చు కూడ. చెమట పడుతున్నది కనుక వడదెబ్బ కాదని భావించరాదు. ఇది ప్రాణాపాయ స్థితి. వెంటనే చేయవలసినవి:

అ) 108కి ఫోన్ చేయాలి. ఈ అంబులెన్సు సేవ కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు రాష్ట్రాలలో పనిచేస్తుంది. 112కు కూడ ఫోన్ చేయవచ్చు.

ఆ) నీడకు చేర్చి, హెల్మెట్, బూట్లు తీసి, దుస్తులు వదులు చేయాలి. బండి నుండి పడి మెడకు గాయమైనదన్న అనుమానం ఉంటే తల కదిలించకుండా మిగిలిన ఒంటిని చల్లబరచాలి.

ఇ) అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ఒంటిపై ధారాళంగా నీరు పోసి విసరాలి. మంచుగడ్డలు దొరికితే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల వద్ద ఉంచాలి. ఎంత త్వరగా చల్లబరిస్తే బ్రతికే అవకాశం అంత ఎక్కువ.

ఈ) స్పృహ లేనివారి నోట్లో నీరు పోయరాదు. జ్వరం మాత్రలు ఈ వేడికి పనిచేయవు, ఇవ్వరాదు.

10. అవసరానికి కన్నడ మాటలు

ఆపదలో పక్కవారి సాయం అడగడానికి భాష అడ్డు కారాదు. ఈ క్రింది వాక్యాలను కుటుంబ సభ్యులందరూ నేర్చుకోవడం మంచిది.

స్వల్ప నీరు కొడి: కొంచెం నీళ్ళు ఇవ్వండి.
తలె సుత్తుత్తిదె: తల తిరుగుతోంది.
ఇవరిగె బిసిలాఘాత ఆగిదె: వీరికి వడదెబ్బ తగిలింది.
నూరెంటక్కె ఫోన్ మాడి: 108కి ఫోన్ చేయండి.
హత్తిరద ఆస్పత్రె ఎల్లిదె?: దగ్గరి ఆసుపత్రి ఎక్కడ ఉంది?

ఎండను కన్నడలో "బిసిలు" అని, నీడను "నెరళు" అని, చెమటను "బెవరు" అని, చలివేంద్రాన్ని "అరవట్టిగె" అని అంటారు.

అభ్యాసం

1. గాలి ఎన్ని డిగ్రీలు దాటినప్పుడు బండి వేగం శరీరానికి వేడిని చేర్చడం ప్రారంభిస్తుంది? ఎందువలన?
2. కోస్తాలో కుండనీరు అంతగా చల్లబడకపోవడానికీ, ఉక్కపోతలో చెమట ఆరకపోవడానికీ గల సంబంధాన్ని వివరించండి.
3. మీ ఇంటి నుండి మీ ఊరికి దూరం ఎంత? మధ్యాహ్నం పదకొండు లోపల చేరాలంటే ఎన్ని గంటలకు బయలుదేరాలో లెక్క వేయండి. అది సాధ్యం కాకపోతే పదకొండు నుండి నాలుగు వరకు ఎక్కడ ఆగుతారో ఆ ఊరి పేరు వ్రాసుకోండి.
4. ఇంట్లోని పిల్లలచేత 108, 112 సంఖ్యలను, పైన ఇచ్చిన కన్నడ వాక్యాలను పలికించండి.

మూడవ ప్రశ్నకు జవాబును కాగితంపై వ్రాసి, బండి తాళం తగిలించే మేకు వద్ద అతికించుకోవడం మేలు. ఊరిలో ఎదురుచూసేవారికి కావలసినది రెండు గంటల ముందు రావడం కాదు, క్షేమంగా రావడం.